సెలవు ఎవరికి? నాగా ఎవరికి?

పనికి రాని రోజుకి మన భాషలో రెండు పేర్లున్నాయి. ఆఫీసులో కుర్చీ ఖాళీగా వుంటే "ఆయన సెలవులో వున్నారు" అంటారు. పొలంలోనో, వీధి వూడ్చే చోటో, యింటిపనిలోనో మనిషి కనపడకపోతే "యివాళ నాగా పెట్టింది" అంటారు. యిద్దరికీ వచ్చింది అదే జ్వరం కావచ్చు. కానీ సెలవు పెట్టినవాడి జీతం నెలాఖరుకి చెక్కుచెదరదు. నాగా పడ్డ మనిషి కూలి ఆ సాయంత్రమే తెగిపోతుంది. సెలవుకి దరఖాస్తు వుంటుంది, రిజిస్టరు వుంటుంది, వాడుకోని రోజులకి లెక్క వుంటుంది. నాగాకి వుండేది తిట్టు మాత్రమే.

యీ తేడాని పర్మనెంటు ఉద్యోగికీ రోజుకూలీకీ మధ్య తేడాగా చెప్పటం మన కార్మిక సంఘాలకి అలవాటు. అందులో నిజం వుంది, కానీ సగమే. నాగా పడే పనులు ఏవి, ఆ పనుల్లో తరతరాలుగా వున్నది ఎవరు అని అడిగితే మిగతా సగం బయటపడుతుంది. హైదరాబాదులో మెహతర్లు, ఉత్తరాంధ్ర, కోస్తా పట్టణాల్లో రెల్లివాళ్ళు, అన్నిచోట్లా మాదిగలు, మాలలు. వూరి చెత్త, వూరి మురుగు ఎవరి మీద పడ్డాయో వాళ్ళ వొంటికే జబ్బులు ఎక్కువ. వాళ్ళకే సెలవు లేదు. మేం యీ వ్యాసంలో చెప్పదలచుకున్నది వొక్కటే. జీతంతో కూడిన సెలవు ఎవరి దయా కాదు, అది చేసిన పనికి రావలసిన కూలిలో భాగం. ఆ భాగాన్ని దళితులకి మొదట కులం ఎగ్గొట్టింది, యిప్పుడు కాంట్రాక్టు ఎగ్గొడుతోంది. దాన్ని రాబట్టుకోటానికి చట్టంలో ఎంత చోటు వుంది, ఎంత లేదు అన్నది వివరంగా చూద్దాం.

వెట్టి యింటి మీద, మనిషి మీద కాదు

"సెలవు" అనే మాటకి పాత అర్థం అనుమతి. దొర మాట్లాడితే "సెలవిచ్చారు" అనేవాళ్ళు. యింటికి పోవాలంటే "సెలవిప్పించండి" అని చేతులు కట్టుకోవాలి. అంటే యిచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద. యీ భావం యిప్పటికీ పోలేదు. జబ్బు చేసిన పనిమనిషికి రెండు రోజులు జీతం కోయకుండా వదిలేస్తే యజమానురాలు అది తన మంచితనం అనుకుంటుంది. పనిమనిషి కూడా అలాగే అనుకునేటట్టు మన సమాజం తయారుచేసింది.

వెట్టి పద్ధతిలో యింకో సంగతి వుంది. వెట్టి మనిషి మీద కాదు, యింటి మీద వుండేది. ఫలానా మాదిగ యింటికి ఫలానా వంతు. మగవాడు మంచాన పడితే పెళ్ళాం రావాలి. పెళ్ళాం బాలింత అయితే కొడుకు రావాలి. ఎవరు వచ్చారన్నది దొరకి అక్కర్లేదు, పని ఆగకూడదు, అంతే. పాలేరు జీతంలోనూ యిదే నియమం. ఏడాది జీతానికి వొప్పుకున్నవాడు జబ్బుపడితే ఆ రోజులకి జీతంలో కోత అయినా పడేది, ఏడాది నిండాక అన్ని రోజులూ వూరికే పని చేసి తీర్చుకోవటమైనా వుండేది, లేదంటే బదులు మనిషిని పెట్టవలసి వచ్చేది. ఆ బదులు మనిషి బయటినుంచి రాడు. బడి మానేసిన తమ్ముడో, చంటిపిల్లని చెట్టుకి వుయ్యాల కట్టిన పెళ్ళామో వచ్చేవాళ్ళు.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. కాగితం మీద వెట్టి పోయింది, దాని నియమం మాత్రం పట్నానికి వచ్చింది. పట్టణాల్లో తెల్లవారుజామున వీధులూడ్చే మనిషికి జ్వరం వస్తే మస్టరు పోకూడదని ఆమె కూతురు చీపురు పట్టుకుని వెళ్ళటం యీ బస్తీలతో పరిచయం వున్నవాళ్ళకి కొత్త కాదు. తొమ్మిదింటికి ఆ పిల్ల బడిలో వుండాలి. వుండదు. హాజరు తక్కువైందని పిల్లని తిట్టే పంతులికి ఆ పిల్ల వాళ్ళమ్మ సెలవుగా మారిందని తెలియదు. మిగతా లోకంలో కుటుంబం కోసం యిచ్చే సెలవు వుంది. మన బస్తీల్లో కుటుంబమే సెలవు.

యిప్పుడు నగరపాలక సంస్థల్లోకి వేలిముద్ర, ముఖం గుర్తించే హాజరు యంత్రాలు వచ్చాయి. దొంగ హాజర్లు ఆపటానికని చెప్పారు. దొంగ హాజర్లు ఆగితే మంచిదే. కానీ దాంతో పాటు బదులు మనిషి దారి కూడా మూసుకుపోయింది. ఆ దారి తప్పుదారే, పిల్లల చదువు తినే దారే. అయితే దాన్ని మూసినవాళ్ళు దాని స్థానంలో సెలవు తెరవలేదు. యంత్రం ముందు నిలబడలేనంత జ్వరం వస్తే మిగిలేది నాగాయే.

అంబేద్కర్ వేసిన పునాది

సెలవుల చరిత్ర చెప్పేటప్పుడు మన పాఠ్యపుస్తకాలు మిల్లు కార్మికుల సమ్మెల్ని చెపుతాయి, విదేశీ చట్టాల్ని చెపుతాయి. బాబాసాహెబ్‌ని రాజ్యాంగం దగ్గర, రిజర్వేషన్ల దగ్గర కట్టేస్తాయి. కార్మిక హక్కుల్లో ఆయన పాత్ర తెలియనందువల్ల మనం కూడా సెలవుని మన ఉద్యమ విషయంగా గుర్తించలేదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ స్త్రీలకి ప్రసూతి సహాయం యిచ్చే బిల్లు చర్చకి వచ్చింది. ఖర్చు పెరుగుతుంది, ఆడవాళ్ళని పనిలో పెట్టుకోరు అనే అభ్యంతరం ఆనాడే వచ్చింది. అంబేద్కర్ ఆ బిల్లుని సమర్థించారు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకటం దేశం మొత్తానికి అవసరం, కనుక ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వం మొయ్యాలి, స్త్రీ శ్రమ వల్ల లాభం పొందే యజమాని కూడా కొంత మొయ్యాలి అన్నది ఆయన వాదన. 1929లో ఆ బిల్లు చట్టమైంది. బిడ్డని కనటం ఆ ఆడమనిషి సొంత గొడవ కాదని, దాని ఖర్చు ఆమె వొక్కతే భరించకూడదని చెప్పటం అందులోని అసలు సూత్రం.

1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. ఆ కాలంలోనే గని కార్మిక స్త్రీల ప్రసూతి చట్టానికి సవరణలు వచ్చాయి. ఏడాది పని చేసిన ఫ్యాక్టరీ కార్మికుడికి పది రోజుల జీతపు సెలవు యిచ్చే సవరణ 1945లో వచ్చింది. కార్మికులకి ఆరోగ్య బీమా ఎలా వుండాలో చెప్పిన అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది. దాని మీదే 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం నిలబడింది. తర్వాత రాజ్యాంగంలో 42వ అధికరణం, మానవీయమైన పని పరిస్థితుల్నీ ప్రసూతి సహాయాన్నీ రాజ్యం కల్పించాలని చెప్పింది. కానీ అది ఆదేశిక సూత్రం. కోర్టుకి వెళ్ళి నేరుగా అడిగే హక్కు కాదు. అడగాలంటే చట్టం కావాలి.

చట్టం ముందు మూడు మెట్లు

యివాళ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పనిచేసే మనిషి సెలవు విషయంలో మూడు మెట్లలో ఏదో వొకదాని మీద వుంటుంది.

పై మెట్టు మీద రాష్ట్ర ప్రభుత్వ పర్మనెంటు ఉద్యోగి. ఏడాదికి 15 రోజుల క్యాజువల్ లీవు. 20 రోజుల అర్ధజీతపు సెలవు. ఆ అర్ధజీతపు సెలవుని డాక్టరు సర్టిఫికెట్ మీద సగం రోజుల పూర్తిజీతపు సెలవుగా మార్చుకోవచ్చు. స్త్రీలకి 180 రోజుల ప్రసూతి సెలవు, పురుషులకి బిడ్డ పుట్టినప్పుడు 15 రోజులు. వీటికి తోడు సంపాదిత సెలవు. అందులో వాడుకోకుండా మిగిలినదాన్ని రిటైరయ్యేనాడు 300 రోజుల వరకూ డబ్బుగా మార్చుకోవచ్చు. యీ చివరి సంగతి గుర్తుపెట్టుకోవాలి. మిగిలిన సెలవుకి ప్రభుత్వమే డబ్బు కడుతున్నదంటే సెలవు కూలిలో భాగమని ప్రభుత్వమే వొప్పుకున్నట్టు.

మధ్య మెట్టు మీద ఇ.ఎస్.ఐ. పరిధిలోకి వచ్చే కార్మికులు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది లెక్కకి యిక్కడ వున్నారు. నెల జీతం 21,000 రూపాయల లోపు వుండాలి. 2019 జూలై నుంచి కార్మికుడి జీతంలో నూటికి 75 పైసలు, యజమాని వైపు నుంచి నూటికి 3 రూపాయల 25 పైసలు కట్టాలి.

కింది మెట్టు మీద వ్యవసాయ కూలీలు, యిళ్ళల్లో పనిచేసేవాళ్ళు, రోడ్డుపక్క అడ్డా కూలీలు. దళితుల్లో ఎక్కువమంది వుండేది యీ మెట్టు మీదే. వీళ్ళకి జబ్బు సెలవు అనే మాటే చట్టంలో లేదు. కాన్పుకి మాతృ వందన పథకం కింద మొదటి బిడ్డకి 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000.

అంకెల్లో చూద్దాం. నెలకి 15,000 జీతం, రోజుకి 500 సగటు కూలి అనుకుందాం. ఇ.ఎస్.ఐ. కింద ఆమె నుంచి నెలకి 112 రూపాయల 50 పైసలు కోస్తారు. యజమాని 487 రూపాయల 50 పైసలు కట్టాలి. మొత్తం 600. దీనికి బదులుగా ఆమెకి వచ్చేవి యివి. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకి చందా పడి వుంటే, జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా సగటు కూలిలో నూటికి 70 వంతు, అంటే రోజుకి 350 రూపాయలు. క్షయ, కుష్ఠు వంటి 34 దీర్ఘరోగాలకి, దానికి వేరే షరతులు వున్నాయి, రెండేళ్ళ దాకా నూటికి 80 వంతు, అంటే రోజుకి 400. కాన్పుకి 26 వారాలు పూర్తి కూలి, అంటే 182 రోజులకి 91,000 రూపాయలు.

ఇ.ఎస్.ఐ. కార్డు వున్న తల్లికి 91,000. అదే బస్తీలో పక్కింట్లో వుండి యిళ్ళల్లో అంట్లు తోమే తల్లికి 5,000. యిద్దరి కాన్పుల్లో తేడా ఏమీ లేదు.

ఇ.ఎస్.ఐ. లేని సంస్థల్లో ప్రసూతి సెలవు యజమానే నేరుగా యివ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. అంతకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి వుంటే చాలు. 2017 సవరణతో 12 వారాల సెలవు 26 వారాలైంది. కానీ యిద్దరు పిల్లలు వున్న తల్లికి తర్వాతి కాన్పుకి మళ్ళీ 12 వారాలే. పుట్టిన పిల్ల యిల్లు చూసి పుట్టదు, మూడో కాన్పు తల్లి వొళ్ళు మొదటి కాన్పు కన్నా గట్టిగా వుండదు. జనాభా లెక్కలు బాలింత వొంటి మీద వేసే పద్ధతి యిది.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇ.ఎస్.ఐ. చట్టం, ప్రసూతి చట్టం రెండూ 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి. 80 రోజుల షరతు, 26 వారాల సెలవు అలాగే వున్నాయి. యింకో కోడ్‌లో, జీతంతో కూడిన వార్షిక సెలవు రావటానికి పాత ఫ్యాక్టరీల చట్టం అడిగిన 240 రోజుల పని 180 రోజులకి తగ్గింది. 20 రోజుల పనికి వొక రోజు సెలవు. యిది కొంత మేలే. కానీ అసంఘటిత కార్మికుల దగ్గరికి వచ్చేసరికి కోడ్ హక్కుల భాష వదిలేసి పథకాల భాష ఎత్తుకుంది. ఆరోగ్యం, ప్రసూతి విషయాల్లో ప్రభుత్వం పథకాలు తయారుచేస్తుంది అంటుంది. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నది చెప్పదు. పథకం అంటే మళ్ళీ పాత అర్థంలో సెలవే, దొర యిస్తే వస్తుంది.

చేతిలో కార్డు వున్నా సెలవు ఎందుకు రాదు?

మధ్య మెట్టు మీద వున్నవాళ్ళకి చట్టం వుంది, లెక్క వుంది. అయినా బస్తీలో అడిగితే "ఇ.ఎస్.ఐ. కోస్తారు గానీ మాకేం రాలేదు" అనే మాటే ఎక్కువ వినపడుతుంది. దీనికి కారణాలు నాలుగు.

వొకటి, చందా తెగటం. జీతంలో కోసిన డబ్బు కాంట్రాక్టరు కట్టకపోవచ్చు, సగం రోజులకే కట్టొచ్చు. టెండరు మారినప్పుడల్లా కొత్త కాంట్రాక్టరు కొత్త పేరు, కొత్త నంబరు రాయించవచ్చు. అప్పుడు పదేళ్ళుగా అదే వీధి వూడుస్తున్న మనిషి కాగితం మీద నిన్న చేరిన మనిషి అవుతుంది. 78 రోజుల లెక్క నిండదు.

రెండు, మొదటి రెండు రోజులు. జబ్బు చేసిన మొదటి రెండు రోజులకి ఇ.ఎస్.ఐ. డబ్బు యివ్వదు, పదిహేను రోజుల్లోపు మళ్ళీ జబ్బు పడితేనే యీ నియమం వర్తించదు. చెత్త ఎత్తేవాళ్ళకి తరచూ వచ్చేవి ఏవి? గాజుపెంకు కోసుకున్న చెయ్యి, రెండు రోజుల జ్వరం, వాంతులు. అంటే ఎక్కువసార్లు వచ్చే జబ్బులకే పైసా రాదు. పర్మనెంటు ఉద్యోగికి యీ ఖాళీని క్యాజువల్ లీవు పూడుస్తుంది. కాంట్రాక్టు మనిషికి పూడ్చేది లేదు.

మూడు, కాగితం. ఇ.ఎస్.ఐ. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. బస్తీలో ఆర్.ఎం.పి. రాసిన చీటీ పనికిరాదు. డిస్పెన్సరీకి వెళ్ళి వరసలో నిలబడాలంటే ఆ రోజు కూలి పోతుంది. జబ్బు సెలవు తెచ్చుకోటానికి వొక నాగా పెట్టాలి.

నాలుగు, భయం. "రేపట్నుంచి రావద్దు" అనే మాట. యిది అన్నిటికన్నా పెద్ద కారణం, చట్టంతో మాత్రమే పోయేది కాదు.

యీ భయం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకోవాలి. వీధులూడ్చే పని పర్మనెంటుగా వున్నన్నాళ్ళు, అది అవమానకరమైన పనే అయినా, సెలవు, పెన్షను దానితో పాటు వచ్చాయి. 1990ల్లో పారిశుద్ధ్యం ముక్కలు ముక్కలుగా కాంట్రాక్టర్ల చేతుల్లోకి పోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 1994 నాటి 2వ నంబరు చట్టం, అదే ఏడాది 212 జీవో వచ్చాయి. 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్ళు నిండినవాళ్ళని మాత్రమే, అదీ షరతుల మీద, క్రమబద్ధం చెయ్యొచ్చన్నారు. యిక ముందు రోజుకూలీల నియామకాలు వద్దన్నారు. నియామకాలు ఆగాయి గానీ చెత్త ఆగదు కదా. ఆ ఖాళీలోకి కాంట్రాక్టరు వచ్చాడు. పని చేసే కులాలు మారలేదు, పని మారలేదు. పోయింది సెలవు. రిజర్వేషన్ల కోసం మన ఉద్యమం పోరాడుతున్న రోజుల్లోనే, ఎవరూ అడగకుండా నూటికి నూరు మనకే వదిలేసిన వుద్యోగాల్లోంచి హక్కులు యిలా జారిపోయాయి. దాన్ని మనం దళిత సమస్యగా చూడలేదు, మునిసిపల్ సంఘాల సమస్య అనుకున్నాం. 2015 జూలైలో రెండు రాష్ట్రాల మునిసిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు పత్రికలు ఎక్కువగా రాసింది కుళ్ళిన చెత్త గురించే.

కోర్టులు ఏమన్నాయి

ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోజుకూలీకి పనిచేసే స్త్రీలు ప్రసూతి సెలవు అడిగారు. మీరు రెగ్యులర్ కాదు కాబట్టి యివ్వం అంది కార్పొరేషన్. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2000 మార్చి 8న తీర్పు వచ్చింది. ప్రసూతి చట్టంలో రెగ్యులర్ అనే మాట లేదు, రోజుకూలీ స్త్రీకి కూడా అది వర్తిస్తుంది అని కోర్టు చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో తీరిపోతే ప్రసూతి సెలవు కూడా తీరిపోతుందా అన్న ప్రశ్న వొక కాంట్రాక్టు డాక్టరు కేసులో వచ్చింది. తీరిపోదు, అర్హత వున్నప్పుడు పూర్తి ప్రయోజనం యివ్వాలి అని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు డాక్టరుదే అయినా ఆ సూత్రం వీధులూడ్చే మనిషికీ పనికొస్తుంది. ప్రసూతి సెలవులో వున్న స్త్రీని ఆ కారణం మీద తీసేయటం చట్టవిరుద్ధం అన్న సంగతి కూడా ప్రతి బస్తీలో తెలియాలి.

మనం చెయ్యగలిగిన పని

యీ పత్రిక చదివేవాళ్ళలో ఉపాధ్యాయులు వున్నారు, విద్యార్థులు వున్నారు, సంఘాల్లో తిరిగేవాళ్ళు వున్నారు. చదువుకున్న దళితుడికి 15 రోజుల క్యాజువల్ లీవు వుంది, బస్తీలో వాళ్ళమ్మకి వొక్క రోజు లేదు. యిది మనల్ని నిందించుకోటానికి చెప్పటం లేదు, మన దగ్గర వున్న కాగితం జ్ఞానం ఎక్కడ ఖర్చు చెయ్యాలో చెప్పటానికి అంటున్నాం.

మొదట ప్రతి కార్మికురాలి ఇ.ఎస్.ఐ. నంబరు రాసిపెట్టాలి. ఎన్ని రోజులకి చందా పడిందో నెలనెలా చూడాలి. యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు కూడా జీతంలోంచే కోస్తుంటే అది అక్రమం, రాసి అడగాలి. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని, అంటే మునిసిపాలిటీయే, కట్టాలి. తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. "అది కాంట్రాక్టరుని అడగండి" అనే జవాబు చట్టం ముందు నిలవదు. కాంట్రాక్టరు చందా కట్టిన రసీదుల నకళ్ళు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మునిసిపాలిటీ నుంచి అడగొచ్చు. వొక్కరి పేరు మీద అడిగితే ఆ వొక్కరి మీద కక్ష కడతారు కాబట్టి బయటివాళ్ళు అడగాలి. విద్యార్థులు చెయ్యగల పని యిది. ఫిర్యాదు ఇ.ఎస్.ఐ. ప్రాంతీయ కార్యాలయానికీ కార్మిక శాఖ అధికారికీ రాతపూర్వకంగా యివ్వాలి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

చట్టంలో లేనిదాని కోసం డిమాండు పెట్టాలి. చెత్త, మురుగు పనుల్లో వున్న ప్రతి వొక్కరికీ, పర్మనెంటా కాంట్రాక్టా అని చూడకుండా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ ఉద్యోగులకి యిచ్చే 15 రోజుల క్యాజువల్ లీవు యివ్వాలి. ఇ.ఎస్.ఐ. మొదటి రెండు రోజుల కోత యీ పనుల వరకు ఎత్తేయాలి. టెండరు మారినా కార్మికురాలి సర్వీసు, చందా లెక్క తెగకూడదని టెండరు షరతుల్లోనే రాయాలి. వ్యవసాయ కూలీ, యింటిపని స్త్రీలకి ప్రసూతి సహాయం 5,000 దగ్గర ఆగకుండా, కనీస వేతనం లెక్కన 26 వారాలకి వుండాలి. దీనికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. 1928లో బొంబాయి మండలిలో అడిగిందీ యిదే. అప్పటి జవాబే యిప్పటికీ జవాబు. యిప్పుడు కూడా ఖర్చు లేకుండా ఏం లేదు. ఆ ఖర్చుని తల్లి వొళ్ళు, పిల్లల బడి మోస్తున్నాయి. దాన్ని పని చేయించుకునేవాళ్ళ ఖాతాలోకి మార్చమంటున్నాం.

మన సంఘాల కరపత్రాల్లో కూలి రేట్ల పక్కన యిక నుంచి సెలవు రోజులు కూడా రాయాలి. ఎన్ని రోజులు పని చేశాం, ఎన్ని రోజుల సెలవు రావాలి, ఎంత యిచ్చారు, ఎంత ఎగ్గొట్టారు అన్నది నాలుగు గళ్ళ లెక్క. ఆ లెక్క ప్రతి బస్తీలో, ప్రతి వాడలో మొదలుపెట్టాలి.